మహమ్మారులు – ప్రజారోగ్య విద్యాలయాలు

జ్వరంతో ఒక మనిషి ఆసుపత్రికి వస్తే వైద్యుడు ముఖ్యంగా రెండు విషయాలు ఆలోచిస్తాడు. ఇతనికి వచ్చిన జబ్బు ఏమిటి? దానికి మందు ఏమిటి? కాని ఒకే వారంలో ఒకే పేటనుంచి అదే జ్వరంతో నూరుగురు వస్తే ఈ రెండు ప్రశ్నలు చాలవు. ఈ పేటకే ఎందుకు వచ్చింది? మొదట ఎవరికి వచ్చింది? నీటి ద్వారా వచ్చిందా, గాలి ద్వారా వచ్చిందా, దోమ ద్వారా వచ్చిందా? ఆసుపత్రికి రాకుండా ఇంట్లోనే ఉన్నవారెందరు? పక్కపేటకు పోకుండా ఆపటం ఎట్లా? మొదటి రెండు ప్రశ్నలకు సమాధానం చెప్పేది చికిత్సా శాస్త్రం. తరువాతి ప్రశ్నలకు సమాధానం వెదికేది ప్రజారోగ్య శాస్త్రం. వైద్యుని ఎదుట ఉన్న రోగి ఒక మనిషి. ప్రజారోగ్య శాస్త్రజ్ఞుని ఎదుట ఉన్న రోగి ఒక ఊరు.

ఊరిని పరీక్షించటం, ఊరికి చికిత్స చేయటం నేర్పే విద్యాలయాలనే ప్రజారోగ్య విద్యాలయాలు అంటారు. మహమ్మారి దేశాలను చుట్టుముట్టినప్పుడు వీటి పని ఏమిటి? దీనిని తెలుసుకోవటానికి మనం దూరం పోనక్కరలేదు. హైదరాబాదులో తార్నాక పరిసరాలలో 2020, 2021 సంవత్సరాలలో జరిగిన పనిని పరిశీలిస్తే చాలు.

కోరంటి నుంచి తార్నాక దాకా

హైదరాబాదుకు అంటురోగాలు కొత్తవి కావు. గత్తర, ప్లేగు, మశూచి ఈ నగరాన్ని పలుమార్లు పీడించాయి. నల్లకుంటలోని జ్వరాల ఆసుపత్రిని పాతతరం వారు నేటికీ "కోరంటి దవాఖానా" అంటారు. అంటురోగం సోకిందని అనుమానం ఉన్నవారిని కొంతకాలం విడిగా ఉంచటాన్ని ఇంగ్లీషులో "క్వారంటీన్" అంటారు. ఆ మాటే జనం నోట నలిగి "కోరంటి" అయింది. ఒక శాస్త్రపదం పామరుల భాషలో కలిసిపోయిందంటే ఆ అనుభవం ఎంత లోతైనదో ఊహించవచ్చు.

1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని సూక్ష్మదర్శినితో చూశాడు. మలేరియా చెడుగాలి వల్ల వస్తుందన్న పాత నమ్మకం దానితో సడలిపోయింది. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలోకి వచ్చింది. ఈ కథలో మనం గమనించవలసింది ఒకటి ఉన్నది. దోమ సంగతి తెలిసినంత మాత్రాన మలేరియా పోలేదు. నీటి గుంటలను పూడ్చటం, దోమపిల్లలను నశింపజేయటం, జ్వరపీడితుల లెక్క రాయటం, ఈ పనులన్నీ ఏళ్ల తరబడి చేయటానికి తర్ఫీదు పొందిన మనుషులు కావలసి వచ్చింది. ఒక సత్యాన్ని కనుగొనటం ఒక పని, దానిని ఊరూరా అమలు జరపటం మరొక పని. ఈ రెండవ పనికి కావలసిన మనుషులను తయారుచేయటానికే ప్రజారోగ్య విద్యాలయాలు పుట్టాయి.

అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం 1916లో ఇట్టి విద్యాలయాన్ని స్థాపించింది. మన దేశంలో మొదటిది 1932లో కలకత్తాలో వెలసిన అఖిల భారత ఆరోగ్య, ప్రజారోగ్య సంస్థ. హైదరాబాదులో భారతీయ ప్రజారోగ్య సంస్థ 2008లో ప్రారంభమైంది.

ఈ రెండింటి మధ్య 1918 అనే సంవత్సరం ఉన్నది. ఆ ఏటి ఇన్ఫ్లుయెంజా మహమ్మారి భారతదేశంలో కోటి ఇరవై లక్షలకు పైగా ప్రాణాలు తీసిందని అంచనా. 1911లో హైదరాబాదు సంస్థానం జనాభా సుమారు 1 కోటి 33 లక్షలు. 1921 జనాభా లెక్కలనాటికి అది 1 కోటి 24 లక్షలకు పడిపోయింది. మామూలుగా పదేళ్లలో పెరగవలసిన జనాభా ఆ పదేళ్లలో తగ్గింది. కరువు, ప్లేగు, ఇన్ఫ్లుయెంజా కలిసి చేసిన పని అది. ఆనాడు ఎవరికి సోకింది, ఎక్కడ సోకింది అనే సంగతి ఎప్పటికప్పుడు చెప్పగల ఏర్పాటు లేదు. నష్టం ఎంతో మూడేళ్ల తరువాత జనాభా లెక్కలు చెప్పాయి!

కాకతాళీయమే కావచ్చు, ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టిన సంవత్సరం కూడా 1918. ఆ ఏడే దక్షిణాదిన కూనూరులో మెకారిసన్ అనే వైద్యుడు బెరిబెరి జబ్బుపై ఒక చిన్న పరిశోధనశాల ప్రారంభించాడు. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పొందింది. ఆ సంస్థ నేడు ఉస్మానియా ఆవరణకు పక్కనే, జామై ఉస్మానియాలో ఉన్నది. తార్నాక కూడలి దాటి ఉప్పల్ వైపు పోతే భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, మరికొంత ముందుకు హబ్సిగూడాలో సి.సి.ఎం.బి. అని అందరూ పిలిచే కణ, అణు జీవశాస్త్ర కేంద్రం కనిపిస్తాయి. ఇవి పేరుకు ప్రజారోగ్య విద్యాలయాలు కావు. అయినా మహమ్మారి వచ్చినప్పుడు ప్రజారోగ్య విద్య నేర్పే పద్ధతులన్నీ ఈ కొద్ది మైళ్ల మేర ఆచరణలో కనబడ్డాయి.

ఈ విద్యలో ఏముంటుంది?

ప్రజారోగ్య విద్యకు ఐదు స్తంభాలు ఉన్నవని చెప్పవచ్చు. మొదటిది సాంక్రామిక వ్యాధి శాస్త్రం. వ్యాధి ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు వస్తున్నదో గమనించి కారణాన్ని ఊహించి రుజువు చేసే శాస్త్రం ఇది. 1854లో లండనులో కలరా చెలరేగినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు చనిపోయినవారి ఇండ్లను పటం మీద గుర్తించి, అవన్నీ ఒక చేతిపంపు చుట్టూ గుమిగూడి ఉండటం చూశాడు. కలరా సూక్ష్మజీవిని ఆయన చూడలేదు. అయినా నీటిలోనే దోషం ఉన్నదని తేల్చగలిగాడు.

రెండవది సాంఖ్యక శాస్త్రం. అందరినీ పరీక్షించటం అసాధ్యం కాబట్టి, కొందరిని పరీక్షించి అందరి గురించి ఎంతవరకు చెప్పవచ్చో ఇది నేర్పుతుంది. మూడవది పరిసరాల ఆరోగ్యం: నీరు, గాలి, మురుగు, ఇల్లు, ఆహారం. నాలుగవది మనుషుల అలవాట్లను, నమ్మకాలను, భయాలను అర్థం చేసుకొనే సామాజిక శాస్త్రం. ఐదవది పాలన: టీకాలు, మందులు, మనుషులు, డబ్బు సరియైన చోటికి సరియైన వేళకు చేరేటట్లు చూడటం. ఈ ఐదింటిలో ఏ ఒక్కటి లోపించినా తక్కినవి కుంటుపడతాయి.

వేగంతో పోటీ

మహమ్మారి ఎదుట తొందర ఎందుకు అవసరమో చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. ఒక రోగి అయిదు రోజులలో ఇద్దరికి జబ్బు అంటిస్తాడని అనుకుందాం. ఆ ఇద్దరు మరి నలుగురికి, నలుగురు ఎనిమిది మందికి అంటిస్తారు. ఇట్లా పది మెట్లు గడిచేసరికి, అంటే యాభై రోజులకు, పదవ మెట్టులో కొత్తగా జబ్బు పడేవారు 1024 మంది. చదరంగపు గళ్లలో గింజలు పోసిన కథ విన్నవారికి ఇది ఆశ్చర్యం కలిగించదు.

ఇప్పుడు మాస్కులు ధరించటం, కిటికీలు తెరవటం, జ్వరం వచ్చినవారు ఇంట్లో ఉండటం వంటి చర్యలవల్ల ఒక రోగి సగటున ఇద్దరికి బదులు ఒకటిన్నర మందికే అంటిస్తాడని అనుకుందాం. తగ్గింది నాలుగోవంతే. కాని పది మెట్ల తరువాత కొత్త రోగులు 58 మంది మాత్రమే! నాలుగోవంతు జాగ్రత్తకు ఫలితం పద్ధెనిమిదో వంతు వ్యాధి. ఆ సగటు ఒకటి కంటె తక్కువకు దిగితే మహమ్మారి దానంతట అదే ఆరిపోతుంది.

ఈ లెక్కలోనే మరొక నీతి ఉన్నది. పదవ మెట్టులో మేల్కొని చేసే పనికంటె మూడవ మెట్టులో చేసే పని ఎన్నో రెట్లు సులభం. మూడవ మెట్టులో ఎనిమిది మందిని వెదికితే చాలు. పదవ మెట్టులో వెయ్యిమందికి పైగా వెదకాలి. ఇల్లు తగలబడుతున్నప్పుడు బావి తవ్వటం మొదలుపెడితే ప్రయోజనం లేదు. 2009 మే నెలలో స్వైన్ ఫ్లూ మన దేశంలో మొదట బయటపడింది హైదరాబాదు విమానాశ్రయంలో దిగిన ఒక ప్రయాణీకునిలోనే. విమానాశ్రయంలో కాపలా ఉండబట్టే అది అంత త్వరగా తెలిసింది.

మురుగునీరు చెప్పిన సంగతి

కోవిడ్ తెలంగాణలో మొదట బయటపడింది 2020 మార్చి 2న. ఆ నెల 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని విశ్వవ్యాప్తమైన మహమ్మారిగా పేర్కొన్నది. అప్పుడు ప్రభుత్వం ముందున్న పెద్ద ప్రశ్న ఇది: నిజంగా ఎందరికి సోకింది? పరీక్ష చేయించుకొన్నవారి సంఖ్య తెలుసు. పరీక్షకు రానివారి సంగతి ఎట్లా తెలుస్తుంది?

సి.సి.ఎం.బి., రసాయన సాంకేతిక సంస్థల శాస్త్రజ్ఞులు దీనికి ఒక చక్కని ఉపాయం ఎన్నుకొన్నారు. కోవిడ్ సోకినవారిలో చాలామంది మలంలో వైరస్ తాలూకు జన్యుపదార్థం వెలువడుతుంది. జబ్బు లక్షణాలు లేనివారిలో కూడా ఇది జరుగుతుంది. మనిషి పరీక్షకు రాకపోవచ్చు, కాని అతని ఇంటి మురుగునీరు శుద్ధి కేంద్రానికి రాక తప్పదు. కనుక ఆ నీటిని పరీక్షిస్తే నగరాన్నంతా ఒక్కసారి పరీక్షించినట్లే.

లెక్క ఎట్లా చేస్తారో చూద్దాం. సులభంగా ఉండటానికి అంకెలు ఊహించుకొందాం. ఒక శుద్ధి కేంద్రానికి రోజుకు 10 కోట్ల లీటర్ల మురుగునీరు వస్తున్నది. ఒక లీటరులో లక్ష వైరస్ జన్యుకణాలు ఉన్నట్లు తేలింది. అంటే రోజుకు మొత్తం 10 లక్షల కోట్ల కణాలు. ఒక రోగి రోజుకు సగటున 100 కోట్ల కణాలు విసర్జిస్తాడనుకొంటే, మొత్తాన్ని 100 కోట్లతో భాగించాలి. వచ్చేది 10,000. ఆ ప్రాంతంలో సుమారు పదివేల మందికి వ్యాధి సోకి ఉండాలన్నమాట. ఇది ఎనిమిదో తరగతి విద్యార్థి చేయగల లెక్కే. కష్టమంతా ఆ మూడు అంకెలను నమ్మకంగా రాబట్టటంలో ఉన్నది. అందరూ ఒకే మోతాదులో విసర్జించరు, వాన కురిస్తే నీరు పలచబడుతుంది, అన్ని ఇళ్ల మురుగు కేంద్రానికి చేరదు.

హైదరాబాదులో ఆనాడు శుద్ధి కేంద్రాలకు చేరుతున్నది మొత్తం మురుగులో సుమారు 40 శాతమే. శాస్త్రజ్ఞులు నగరంలోని శుద్ధి కేంద్రాలలో 80 శాతం నుంచి నమూనాలు సేకరించారు. ఆ నీటి ప్రకారం సుమారు 2 లక్షల మంది వైరస్ ను విసర్జిస్తున్నారు. దానిని నగరమంతటికీ విస్తరింపజేసి లెక్కిస్తే సుమారు 6.6 లక్షల మంది అని తేలింది. సోకినవారు సుమారు 35 రోజుల వరకు విసర్జిస్తారు కనుక, ఇందులో అప్పుడు జబ్బుతో ఉన్నవారితో పాటు కొద్దిరోజుల క్రితం కోలుకొన్నవారు కూడా చేరి ఉన్నారు. 2020 ఆగస్టులో ఈ ఫలితం వెలువడింది.

మురుగునీటి పరీక్ష హైదరాబాదుకు పూర్తిగా కొత్తది కాదు. మన దేశంలో పోలియో అంతరించిందని 2014లో ప్రకటించిన తరువాత కూడా మురుగునీటిపై కాపలా ఆగలేదు. 2016 జూన్ లో అంబర్ పేట మురుగునీటిలో టీకా నుంచి పుట్టిన రెండవ రకం పోలియో వైరస్ కనిపించింది. అప్పటికి ఒక్క బిడ్డకు కూడా కాళ్లు చచ్చుబడలేదు. అయినా సుమారు 3 లక్షల మంది పిల్లలకు వెంటనే ప్రత్యేకంగా టీకాలు వేశారు. జబ్బు రాకముందే జబ్బు జాడ పట్టటం అంటే ఇదే.

నెత్తురు బొట్టులో చరిత్ర

ఇప్పుడు ఎందరికి జబ్బు ఉన్నదో మురుగునీరు చెబుతుంది. ఇంతవరకు ఎందరికి వచ్చి పోయిందో తెలుసుకోవాలంటే రక్తాన్ని పరీక్షించాలి. వైరస్ శరీరంలో ప్రవేశించినప్పుడు దానిని ఎదుర్కోవటానికి శరీరం ప్రతిరక్షకాలు అనే మాంసకృత్తులను తయారుచేస్తుంది. జబ్బు తగ్గిన తరువాత కూడా కొన్ని నెలలు అవి రక్తరసిలో నిలిచి ఉంటాయి. దొంగ పారిపోయినా వాడి అడుగుజాడలు మిగిలినట్లే ఇది.

భారత వైద్య పరిశోధన మండలి దేశంలోని 70 జిల్లాలలో ఇట్టి సర్వే పలుమార్లు జరిపింది. తెలంగాణలో ఎన్నుకొన్నవి జనగామ, కామారెడ్డి, నల్లగొండ జిల్లాలు. ఆ పని చేసినవారు జాతీయ పోషకాహార సంస్థ బృందాలు. జిల్లాకు పది గ్రామాలు లేదా వార్డులు, ఒక్కొక్క చోట నలభై మంది చొప్పున, జిల్లాకు 400 మందిని తీసుకోవటం మొదటి విడత పద్ధతి. మనకు తెలిసినవారిని, దారిలో కనబడినవారిని పట్టుకొని పరీక్షిస్తే ఫలితం తప్పుతుంది. ఎవరిని ఎన్నుకోవాలో యాదృచ్ఛికంగా, అంటే చీటీలు తీసినట్లుగా, నిర్ణయించాలి.

ఫలితాలు ఇవి. 2020 మే నెలలో 0.33 శాతం, అంటే 1200 మందిలో నలుగురి చొప్పున. ఆగస్టులో 12.2 శాతం. డిసెంబరులో 24.1 శాతం. 2021 జూన్ నాటి నాలుగో విడతలో 60 శాతం. ఈ నాలుగు అంకెలను గ్రాఫు కాగితం మీద గుర్తిస్తే ఒక మహమ్మారి జీవితచరిత్ర కళ్లకు కడుతుంది.

హైదరాబాదు నగరంలో 2021 ఆరంభంలో సి.సి.ఎం.బి., పోషకాహార సంస్థ, భారత్ బయోటెక్ కలిసి మరొక సర్వే జరిపాయి. 30 వార్డులలో, వార్డుకు సుమారు 300 మంది చొప్పున, 9 వేల మందికి పైగా రక్తనమూనాలు ఇచ్చారు. నూటికి 54 మందిలో ప్రతిరక్షకాలు ఉన్నాయి. వారిలో నాలుగింట మూడువంతుల మందికి తమకు వ్యాధి సోకినట్లే తెలియదు! నగర జనాభా కోటి అనుకొంటే 54 లక్షల మందికి సోకిందన్నమాట. అదే సమయానికి తెలంగాణ రాష్ట్రమంతటా పరీక్షలలో తేలినవారు సుమారు 3 లక్షలే. పరీక్షలలో బయటపడే సంఖ్యకు, వాస్తవానికి ఎంత దూరం ఉంటుందో ఇక్కడ స్పష్టమవుతుంది.

అంకెలను నమ్మటమెట్లా?

ఇక్కడ విద్యార్థులు తప్పక తెలుసుకోవలసిన ఒక చిక్కు ఉన్నది. ఏ పరీక్షా నూటికి నూరుపాళ్లు సరియైనది కాదు. ఒక పరీక్ష జబ్బు వచ్చినవారిలో నూటికి 90 మందిని పట్టుకొంటుందని, రానివారిలో నూటికి 98 మందికి "లేదు" అని సరిగా చెబుతుందని అనుకుందాం. వినటానికి మంచి పరీక్షే. దీనిని 10,000 మంది మీద ప్రయోగిద్దాం.

2020 మేలో వలె 0.33 శాతం మందికే సోకితే, నిజమైన రోగులు 33 మంది. వారిలో 30 మందిని పరీక్ష పట్టుకొంటుంది. తక్కిన 9,967 మందిలో నూటికి ఇద్దరు చొప్పున సుమారు 199 మందికి పొరపాటున "ఉన్నది" అని చెబుతుంది. మొత్తం 229 మందిలో నిజమైనవారు 30 మందే! అంటే "ఉన్నది" అన్న ప్రతి నూరుగురిలో 87 మంది విషయంలో పరీక్ష తప్పు. అదే పరీక్షను 54 శాతం మందికి సోకిన నగరంలో ప్రయోగిస్తే, 5,400 మందిలో 4,860 మందిని సరిగా పట్టుకొంటుంది. పొరపాటున చెప్పేది 92 మందికే. ఇప్పుడు నూటికి 98 సరియైనవే. పరీక్ష మారలేదు, ఊరు మారింది.

దీనికి విరుగుడు కూడా లెక్కలోనే ఉన్నది. మొదటి పరీక్షలో "ఉన్నది" అని తేలినవారిని అదే స్థాయి గల వేరొక రకం పరీక్షతో మరల పరీక్షిస్తే, 199 పొరపాట్లలో నాలుగే మిగులుతాయి, 30 మంది నిజమైన వారిలో 27 మంది నిలుస్తారు. ఈ వివేచన లేకుండా సర్వే చేస్తే తప్పుడు అంకె పుడుతుంది. ఆ అంకెను నమ్మి తలుపులు మూసినా నష్టమే, తెరిచినా నష్టమే. దినకూలీ ఒకరోజు పని పోగొట్టుకొన్నా, ముసలివారికి జబ్బు అంటినా, ఆ తప్పుకు మూల్యం చెల్లించేది ప్రజలే. ప్రజారోగ్య విద్యలో గణితానికి ఇంత ప్రాధాన్యం అందుకే.

అంకెకు కూడా హద్దు ఉన్నది. నగరంలో సగానికి పైగా ప్రతిరక్షకాలు ఉన్నవని 2021 మార్చిలో తెలిసినప్పుడు ఇక భయం లేదని అనుకొన్నవారు ఉన్నారు. ఏప్రిల్, మే నెలలలో రెండవ అల విరుచుకుపడింది. రూపం మార్చుకొన్న డెల్టా రకం వైరస్ అంతకు ముందు దానికంటె వేగంగా వ్యాపించింది. కాబట్టి ప్రతిరక్షకాల లెక్కతో పాటు వైరస్ జన్యువులలో వచ్చే మార్పులను కూడా కనిపెట్టి ఉండాలి. 2020 డిసెంబరులో దేశంలోని పది ప్రయోగశాలలను కలిపి ఒక కూటమిగా ఏర్పరచింది ఈ పనికే. అందులో సి.సి.ఎం.బి. ఒకటి.

ప్రయోగశాల వెలుపల

ఇంతవరకు చెప్పిన పనులన్నిటికీ మూలం ఒక తలుపు తట్టటం. ముక్కూ మొగమూ తెలియనివారు ముసుగులు ధరించి ఇంటికి వచ్చి, "మీ నెత్తురు కొంచెం ఇవ్వండి" అంటే ఎవరైనా సంకోచిస్తారు. ఎందుకు అడుగుతున్నారో వారికి వారి భాషలో చెప్పాలి. ఇష్టం లేకపోతే కాదనే హక్కు ఉన్నదని చెప్పాలి. ఇచ్చినవారి పేరు బయటపడకుండా కాపాడాలి. ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం., అంగన్ వాడీ టీచరు వెంట ఉంటే తలుపు తెరుచుకొంటుంది. ఆ ఊరితో వారికి ఏళ్లనాటి పరిచయం ఉండటమే దీనికి కారణం. నమ్మకం మహమ్మారి సమయంలో పుట్టదు, మామూలు రోజులలో పుట్టి మహమ్మారి సమయంలో అక్కరకు వస్తుంది.

టీకాల విషయం కూడా ఇంతే. సీసాలో ఉన్న టీకా ఎవరినీ కాపాడదు. అది చల్లదనం తప్పకుండా ఊరిదాకా రావాలి, ఊరివారు చేయి చాపాలి. "టీకా వేయించుకొంటే జ్వరం వస్తుందట" అని ఒక తల్లి అంటే, "అవునమ్మా, ఒకటి రెండు రోజులు రావచ్చు, తగ్గిపోతుంది" అని నిజం చెప్పేవారు కావాలి. "అదేమీ లేదు" అని బుకాయిస్తే మరుసటి రోజు ఆ వీధిలో ఎవరూ రారు. ఇట్లా మాట్లాడటం కూడా నేర్చుకోవలసిన విద్యే.

మిగిలిపోయిన పని

మహమ్మారి వచ్చినప్పుడు అందరూ ప్రజారోగ్యాన్ని తలుస్తారు, పోగానే మరిచిపోతారు. చెరువు నిండినప్పుడే గట్టు గుర్తుకు వచ్చినట్లు ఉంటుంది మన వ్యవహారం. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. అసలు పని చేయవలసిన కాలం అప్పుడే మొదలయింది.

1939లోనే మద్రాసు రాష్ట్రం ఒక ప్రజారోగ్య చట్టం చేసింది. నాటి కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ రాష్ట్రంలోనివే. తమిళనాడు ఆ సంప్రదాయాన్ని నిలుపుకొని, ప్రజారోగ్యానికి ప్రత్యేకమైన శాఖను, ఆ విద్య నేర్చిన అధికారులను కలిగి ఉన్నది. ప్రతి రాష్ట్రంలో ఇట్టి ఉద్యోగ శ్రేణి ఉండాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం సూచించింది. 2022లో కేంద్ర ఆరోగ్యశాఖ అందుకు మార్గదర్శక సూత్రాలను కూడా ఇచ్చింది. విద్యాలయాలు ఎందరికి శిక్షణ ఇచ్చినా, వారికి జిల్లాలో ఒక కుర్చీ, ఒక బాధ్యత లేకపోతే ఆ విద్య కాగితానికే పరిమితమవుతుంది. అటువంటి కుర్చీలు ఉండి శిక్షణ పొందినవారు లేకపోతే ఆ కుర్చీల వల్ల ప్రయోజనం లేదు. విద్యాలయమూ ఉద్యోగమూ బండికి రెండు చక్రాల వంటివి.

ప్రజారోగ్య విద్య వైద్యులకే పరిమితం కాదని విద్యార్థులు గ్రహించాలి. ఎం.పి.హెచ్. అనే పట్టానికి చాలాచోట్ల వైద్యపట్టం లేనివారు కూడా చేరవచ్చు. గణితం, జీవశాస్త్రం, రసాయన శాస్త్రం, సామాజిక శాస్త్రం చదివినవారందరికీ అక్కడ పని ఉన్నది. మురుగునీటి లెక్కలో రసాయన శాస్త్రజ్ఞుడు, జీవశాస్త్రజ్ఞుడు, నగర ఇంజనీరు ముగ్గురూ అవసరమైన సంగతి పైన చూశాం.

పాఠశాలలో చేయదగినవి

ఉపాధ్యాయుల చేతిలో ఒక చక్కని ప్రజారోగ్య సాధనం ఇప్పటికే ఉన్నది. అది హాజరు పట్టీ. ప్రతి వారం తరగతి వారీగా ఎందరు జ్వరం వల్ల రాలేదో ఒక కాగితం మీద రాయించండి. మూడు నెలలు రాస్తే మామూలు వారం ఎట్లా ఉంటుందో తెలుస్తుంది. మామూలు తెలిసినవారికే అసాధారణం కనబడుతుంది. ఏదో ఒక వారం ఆ గీత హఠాత్తుగా పైకి లేస్తే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి కబురు పంపవచ్చు. పిల్లల పేర్లు రాయనక్కరలేదు, సంఖ్య చాలు.

వర్షాకాలంలో పిల్లలచేత వారానికొక రోజు బడి చుట్టూ ఉన్న తొట్లు, పాత టైర్లు, కుండీలు పరీక్ష చేయించి, దోమపిల్లలు ఉన్నవెన్ని, లేనివెన్ని అని లెక్క రాయించవచ్చు. గణితం తరగతిలో పైన చెప్పిన పది మెట్ల లెక్కను ఇద్దరికి బదులు మూడుతో, ఒకటింబావుతో చేయించి గ్రాఫులు గీయించవచ్చు. గోనెసంచిలో నల్లగింజలు, తెల్లగింజలు కలిపి, పిడికెడు తీసి మొత్తంలో నల్లవి ఎన్ని పాళ్లో ఊహించమంటే నమూనా సర్వే అంటే ఏమిటో అర్థమవుతుంది. చిన్న పిడికిలితో తీసినవారి ఊహకు, పెద్ద దోసిలితో తీసినవారి ఊహకు ఎంత తేడా వస్తుందో వారే కనిపెడతారు.

1918లో నష్టం ఎంతో తెలియటానికి మూడేళ్లు పట్టింది. 2020లో కొన్ని వారాలు పట్టింది. మరొక మహమ్మారి ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు, కాని వస్తుందనటంలో శాస్త్రజ్ఞులకు సందేహం లేదు. అది వచ్చేనాటికి కొన్ని రోజులలోనే దాని జాడ పట్టగల మనుషులు మనకు కావాలి. వారు నేడు ఏదో ఒక ఉన్నత పాఠశాలలో బల్లల మీద కూర్చొని ఉన్నారు.